అంకుల్ చెప్పిన ఎత్తు

పోయిన శ్రావణంలో జాకెట్టు గుడ్డ కోసం ఆబిడ్స్ వెళ్లాను. వాన పట్టుకుంది, చేతిలో గొడుగు లేదు. ఎదురుగా ఏ కొట్టుంటే ఆ కొట్టు మెట్లెక్కేశాను. ఎక్కాక గానీ చూసుకోలేదు అది ఏ కొట్టో. జన్మలో ఆ గడప తొక్కనని పదేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నదాన్ని. సరే, వాన ముందు ఒట్లేమిటి అని లోపలికి నడిచాను.

ఎడమవైపు మూడో కౌంటరు దగ్గర చీరలమ్మే అంకుల్ లేరు. రిటైరయ్యారా అని పక్క కౌంటరులో ఉన్న నడివయసు సేల్స్‌మన్‌ని అడిగాను. ఆయన పోయి మూడు నెలలైందని చెప్పాడు. షుగరట, కాలికి పుండు పడిందట, తగ్గలేదట.

మనిషన్నాక అయ్యో అనాలి కదా. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "నా గురించి ఏమైనా చెప్పారా?" అని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. నేనెవరో అతనికి తెలిస్తే కదా. సిగ్గుతో చచ్చిపోయాను. నిజానికి నేను అడగదలచుకున్నది అంతకంటే ఘోరం. ఆ గురువారం పొద్దున హైజంప్ కడ్డీ ఎంత ఎత్తున పెట్టారో ఎవరికైనా చెప్పి పోయారా అని అడగాలనుకున్నాను. పదేళ్లుగా నాకు ఆ ఒక్క సంగతి తేలడం లేదు.

అంకుల్ పొట్టి మనిషి. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, జేబులో చిన్న దువ్వెన పెట్టుకుని ఉండేవారు. మెదక్ వైపు క్రైస్తవులు, చిన్నప్పుడే పట్నం వచ్చి ఆ కొట్టులో చేరారు. జీవితంలో దేని మీద నుంచీ దూకిన మనిషి కాదు. బస్సు పూర్తిగా ఆగేదాకా దిగేవారు కాదు. ఆగాక కూడా, అది ఇంకోసారి కదిలి కుదురుకున్నాక, రెండు చేతులా కమ్మీ పట్టుకుని కుడికాలు కింద పెట్టేవారు. కండక్టర్లు తిట్టేవారు. అలాంటి ఆయన హైజంప్ దూకే పిల్లకి ధైర్యం నేర్పడమేంటని మా కోచ్ సారు నవ్వేవారు. దూకడం నాకు నేర్పింది కోచ్ సారే, ఆ మాట కాదనను. అంకుల్ నేర్పినదాన్ని ఏమంటారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఈమధ్య టీవీలో టై కట్టుకున్నవాళ్లు ఆటగాళ్ల మనసుకి తయారీ అని ఏదో చెబుతున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా చీరలమ్మినట్టు లేడు.

తొంభైల మొదట్లో సంగతి. నేను నాంపల్లిలో మా కాలేజీ గ్రౌండులో పొద్దున్నే ప్రాక్టీసు చేసేదాన్ని. ఆయన షుగరు కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచి, మా గ్రౌండు మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులోంచి చక్కెర లేని టీ తాగేవారు. నాకొక జబ్బు ఉండేది. ఒకటీ యాభై, అంటే మీటరున్నర, నిద్రలో కూడా దూకేదాన్ని, కడ్డీకీ నాకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండేది. ఒకటీ యాభై అయిదు అని కోచ్ సారు నోటితో అంటే చాలు, పరుగు మధ్యలో ఆగిపోయేదాన్ని. భయం వదులు, భయం వదులు అని ఆయన అరిచేవారు. భయమేమైనా చెప్పులా, గుమ్మం దగ్గర వదిలి రావడానికి?

ఒకరోజు మూడుసార్లూ కడ్డీ పడగొట్టి, పరుపు మీద కూర్చుని ఏడుస్తున్నాను. అంకుల్ ఫ్లాస్కు మూత బిగించుకుని నా దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, చీర చూసి ధర అడగాలె. నువ్వు ధర చూసి చీరను అడుగుతున్నవ్. గా నెంబర్ నీకెందుకు?"

నాకు ఒళ్లు మండింది. ఎవరీయన, చీరలేంటి, నెంబరేంటి. కానీ మర్నాడు ఆయన పేపరులో చుట్టుకుని ఒక కర్ర తెచ్చారు. కొట్టులో పక్కన పడేసిన మీటరు కర్ర, చివర్లకి ఇత్తడి తొడిగినది. నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నారు. తనే కొలిచి కడ్డీ పెట్టారు. ఎంత అనడిగితే, "ఇయ్యాల వాయిల్" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి మా ఎత్తులకి అంకెలు పోయి గుడ్డల పేర్లు వచ్చాయి. నూలు, వాయిల్, సిల్కు, పట్టు. వాయిల్ ఎంతో ఆయనకే తెలుసు. నాకు తెలిసిందల్లా అది నూలు కంటే పైన, సిల్కు కంటే కింద అని. కోచ్ సారు చాటుగా చీరల సైకాలజీ అని పేరు పెట్టారు గానీ, నా కాళ్లు కదలడం చూసి ఊరుకున్నారు.

ఆయన విద్యంతా కౌంటరు విద్యే. పొద్దున మొదటి దూకు తప్పకుండా దాటేది అయి ఉండాలి, ఎందుకంటే అది బోణీ. "బోణీ బేరం ఒట్టి చేతుల్తోని పోతే దినమంతా గట్లనే పోతది" అనేవారు. అందుకని మొదట కడ్డీ నా నడుము ఎత్తున పెట్టించేవారు. మిగతా అమ్మాయిలు నవ్వినా సరే, దాన్ని దూకి తీరాలి. తర్వాత కడ్డీని తన తలకంటే పైకి జరిపించి, నన్ను దాని కింద నుంచి అయిదారుసార్లు నడిపించేవారు. ఖరీదైన చీర ముందు చూపిస్తే తర్వాతది చవగ్గా కనిపిస్తుందట. నిజంగానే, దాని కింద తిరిగి తిరిగి వచ్చాక వాయిల్ తేలిగ్గా కనిపించేది.

అన్నిటికంటే విచిత్రం తువ్వాలు. కడ్డీ పడిపోతే దాని గురించి మాట్లాడనిచ్చేవారు కాదు. నా తువ్వాలు నాకిచ్చి నాలుగు మడతలు పెట్టమనేవారు, అంచుకి అంచు కలవాలి. నచ్చని చీర కౌంటరు మీద పడి ఉంటే కొనేవాళ్ల కన్ను దాని మీదే ఉంటుందట, వెంటనే మడిచి లోపల పెట్టేయాలట. మడత సరిగ్గా రాకపోతే విప్పించి మళ్లీ పెట్టించేవారు. అది పూర్తయ్యేసరికి నేను ఎందుకు ఏడవాలనుకున్నానో మరిచిపోయేదాన్ని.

నన్ను గెలిపించమని ప్రార్థన చేస్తారా అని అడిగానొకసారి. చెయ్యనన్నారు. అవతలి పిల్ల కూడా అదే అడుగుతుంది, దేవుణ్ణి ఎందుకు పరేషాన్ చెయ్యాలి అన్నారు.

ఆ ఏడాది నాకు చావో రేవో. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి కొట్టులో గుమాస్తా. ఇరవై ఏళ్లు ఆ ఘాటు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది, డాక్టరు ఇక కొట్టుకి పోవద్దన్నాడు. తమ్ముళ్లిద్దరూ స్కూల్లో ఉన్నారు. రాష్ట్ర పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఉంటే స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు క్లర్కు ఉద్యోగం వచ్చే వీలుంది. లేకపోతే ఆట మానేసి నేనూ ఏ కొట్టులోనో చేరాల్సిందే. ఒకటీ అరవై దూకితే గానీ మూడో స్థానం రాదని కోచ్ సారు ముందే చెప్పేశారు. కొలిచి చూసుకుని నేను దూకింది అప్పటిదాకా ఒకటీ యాభై మూడు.

ఆదివారం పోటీలు. అంతకుముందు గురువారం పొద్దున అంకుల్ "ఇయ్యాల పట్టు" అన్నారు. పట్టు అనడం అదే మొదటిసారి. నేను గోడవైపు తిరిగాను. వెనక కర్ర స్టాండుకి తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరగమన్నారు. కడ్డీ ఎత్తుగా ఉందా, మామూలుగా ఉందా? ఏమో. ఆ చూపే నాలోంచి పోగొట్టారు కదా ఆయన. పరిగెత్తాను, వెనక్కి వాలి లేచాను, పరుపు మీద పడి పైకి చూస్తే కడ్డీ కదలకుండా ఉంది. నేను లేచి నిలబడేలోపే అంకుల్ దాన్ని దించేశారు. ఎంత అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

శనివారం సాయంత్రం కొట్టు కట్టేశాక నాంపల్లి స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో నన్నూ మా నాన్ననూ కూర్చోబెట్టి టీ చెప్పారు. మా నాన్న దగ్గొచ్చి బయటికి వెళ్లారు. అప్పుడన్నారు అంకుల్.

"బిడ్డా, గురువారం నువ్వు దూకింది ఒకటీ అరవై."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా మొహం చూశారా, సాసర్లోకి చూశారా? వెయ్యిసార్లు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కోసారి ఆయన కళ్లు కనిపిస్తాయి, ఒక్కోసారి సాసరే కనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఏ అనుమానమూ రాలేదు. అలాంటి సంతోషం నేను మళ్లీ ఎరగను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం అంకుల్ రాలేదు, చర్చికి వెళ్లారు. ఒకటీ అరవైకి కడ్డీ పెట్టాక మొదటిసారి పడగొట్టాను. రెండోసారీ పడగొట్టాను. మూడోది కూడా పడితే ఇంటికే. తువ్వాలు మడత పెట్టుకున్నాను, అంచుకి అంచు కలిసేదాకా. గురువారం దూకిందే కదా ఇది, ఒకసారి కట్టిన చీరే కదా అనుకున్నాను. పరిగెత్తాను. పరుపు మీద పడ్డాక కడ్డీ వైపు చూడలేదు, కోచ్ సారు కేక విన్నాను. మూడో స్థానం వచ్చింది. ఏడాది తిరక్కుండా నాంపల్లిలోనే ఒక గవర్నమెంటు ఆఫీసులో చేరాను. మా నాన్న దగ్గుతూనే ఇంటింటికీ మిఠాయి పంచారు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. మరుసటి ఏడు ఆఫీసు తరఫున దూకాను, ఒకటీ అరవై దగ్గర మూడుసార్లూ పడగొట్టాను. ఆ తర్వాతి ఏడూ అంతే. నేను మళ్లీ ఎన్నడూ ఒకటీ అరవై దాటలేదు. ఒక్కసారంటే ఒక్కసారి, ఆ ఆదివారం తప్ప. ఆఫీసులో, అదృష్టం కొద్దీ వచ్చిన కోటా అని నా వెనక అనుకునేవాళ్లు ఉండనే ఉన్నారు.

ఆ రెండో ఏడు కోచ్ సారు నన్ను పక్కకి పిలిచారు. నా మంచికే చెబుతున్నానన్నారు. ఆ గురువారం తను గేటు దగ్గర నిలబడి చూశారట, కడ్డీ ఒకటీ యాభై నాలుగు దాటి ఉండదట. "ఆయన నీకు మంచి అబద్ధం అమ్మాడమ్మా. పనికొచ్చింది, పోనీలే" అన్నారు.

ఎలా పోనిస్తాను? కడ్డీ అరవైలో ఉంటే, నేను అరవై దూకే పిల్లని, తర్వాత ఏదో తగ్గింది. యాభై నాలుగులో ఉంటే, నాలో ఆ ఎత్తు ఎప్పుడూ లేదు, ఒక అబద్ధం నన్ను ఒకరోజు ఎత్తి అవతల పడేసింది. మరి నేను కూర్చుంటున్న కుర్చీ ఎవరిది? నా తర్వాత నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయిదా? ఫైళ్లు ముందేసుకుని ఇదే ఆలోచన. ఉండబట్టలేక తిన్నగా కొట్టుకి వెళ్లాను.

పెళ్లిళ్ల రోజులు. అంకుల్ ముందు ఒక కుటుంబం కూర్చుని ఉంది, పెళ్లికూతురి భుజం మీద చీర వేసి ఉంది. నేను ఆగలేదు. ఆ గురువారం నిజంగా అరవైయేనా అన్నాను. అరవైయే బిడ్డా అన్నారు. అయితే ఒట్టు పెట్టమన్నాను.

"మా బైబిల్ల ఒట్టు పెట్టొద్దని ఉంది బిడ్డా" అన్నారు.

మా ఇంట్లో కూర బాగుందని చెప్పడానికి కూడా ఒట్టు పెడతారు. ఒట్టు పెట్టలేని మాట అబద్ధం కాక ఇంకేమవుతుంది? అలా అని నాకు అప్పుడు గట్టిగా తోచింది. అబద్ధాల మనిషి అన్నాను. అందరికీ ఇలాగే అమ్ముతారా అన్నాను. పెళ్లికూతురి తల్లి ఆ చీర పిల్ల భుజం మీద నుంచి తీసి కౌంటరు మీద పెట్టి లేచింది, వాళ్లంతా లేచారు. అంకుల్ చీర దగ్గరికి లాక్కుని మడత పెట్టడం మొదలుపెట్టారు. నా వైపు చూడకుండా, "నా కన్ను తప్పు చూసిందేమో బిడ్డా" అన్నారు, చాలా మెల్లగా. చూశావా, ఒప్పుకున్నాడు అనుకుని నేను మెట్లు దిగేశాను. తర్వాత ఆయన్ని చూడలేదు. ఆ మెట్లూ ఎక్కలేదు, వాన తరిమేదాకా.

వాన ఇంకా తగ్గలేదు. ఊరికే నిలబడలేక జాకెట్టు గుడ్డ కొయ్యమన్నాను. ఆ సేల్స్‌మన్ కొలుస్తుంటే చూశాను. మీటరు కర్ర చివర గుడ్డ మీద బొటనవేలు పెట్టి, కర్రని వేలికి అవతల నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. వేలి వెడల్పు ఎక్కువ ఇస్తున్నావేంటి అన్నాను. అది పెద్దాయన నేర్పిన చెయ్యి మేడం అన్నాడు. మీటరుకి ఒక వేలు ఎక్కువ పోవాలనేవారట, సేటు ఎంత తిట్టినా ఆయన చెయ్యి మారలేదట.

నాకు తల తిరిగింది. కడ్డీకీ అదే చేతితో కొలిచి ఉంటారు కదా. మీటరు దగ్గర వేలు పెట్టి, వేలి పైనుంచి అరవై. అంటే ఒకటీ అరవై రెండా? యాభై నాలుగు, అరవై, అరవై రెండు. ఒక ప్రశ్నకి రెండు జవాబులు ఉంటేనే పదేళ్లు నలిగాను. మూడోది కూడా చేతిలో పెట్టి పంపుతున్నాడు ఈ మనిషి. ఇల్లెక్కడో అడిగి చీటీ మీద రాయించుకున్నాను.

నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి గది. ఆంటీ ఒక్కరే ఉన్నారు. నేను ఫలానా అని చెప్పకముందే, "దూకే పిల్లవా?" అన్నారు. నా ఫోటో ఏదో పేపరులో పడితే ఆయన కత్తిరించి పెట్టుకున్నారట. కూర్చోమని కుర్చీ లాగి, మంచినీళ్లిచ్చి, నేను పరామర్శ మాటలు వెతుక్కుంటుండగా ఆమే మొదలుపెట్టారు. ఆమె గొంతులో కోపం లేదు. దానికే నాకు భయం వేసింది.

నేను అరిచి వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదట. మీటరు కర్ర ముందు పెట్టుకుని కూర్చుని, అరవై గీత ఇదేనా, నేను ఇదే చూశానా అని ఆమెను పిలిచి చూపించారట. మొదట్లో అరవైయే అనేవారట. నెల గడిచాక, పిల్లకి ధైర్యం ఇవ్వాలన్న ఆశతో నా కన్నే ఎక్కువ చూసిందేమో అనేవారట. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారట.

"నెలకొక ఆదివారం చర్చిల రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు గదా బిడ్డా. అది తీసుకోవాలంటె మనసుల మచ్చ ఉండొద్దు. అందరు లేచి ముంగటికి పోతుంటె ఈయన బెంచి మీదనే కూసునెటోడు. అబద్ధమాడిన్నో లేదో నాకే తెల్వనప్పుడు ఎట్ల ముట్టాలె అనెటోడు. పదేండ్లు ముట్టలె. ఆఖర్ల దవాఖానకు పాస్టరు గారు తెచ్చిన్రు. అప్పుడు గూడ వద్దన్నడు."

నా కుర్చీ నాదేనా కాదా అని నేను ఏడుస్తున్న పదేళ్లూ, నాలుగు వీధుల అవతల ఆయన ఇలాగా బెంచి మీద కూర్చున్నారు? అబద్ధమని తెలిసి ఉంటే క్షమాపణ అడుక్కునేవారు. నిజమని తెలిసి ఉంటే లేచి ముందుకి నడిచేవారు. ఏదీ తెలియకుండా చేసింది నేను. ఆయన మీద నాకున్న కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. ఏడుపు వచ్చింది, ఆమె ముందు ఏడవడానికి నాకేం హక్కుందని మింగేశాను.

ఆంటీ నా ముందుకి వంగి మోకాలి మీద చెయ్యి వేశారు.

"బిడ్డా, నీకన్న ఎరుకేనా? ఆ పొద్దు ఎంతుండె?"

"ఒకటీ అరవై ఆంటీ" అన్నాను. "అంకుల్ టీ తాగడానికి పోయినప్పుడు నేను టేపు పెట్టి చూసుకున్నాను. సరిగ్గా అరవై."

ఎలా వచ్చిందో ఆ మాట. ఆ రోజు టేపూ లేదు, కొలవడమూ లేదు, లేచేసరికి కడ్డీయే లేదు. ఆమె కళ్లు మూసుకుని స్తోత్రం ప్రభువా అన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను చెప్పింది అబద్ధమో నిజమో నాకు తెలియదు. అయినా ఒక మంచి పని చేశానేమోనని ఒక్క క్షణం అనిపించింది.

అప్పుడు ఆంటీ కొంగు తీసి, కళ్లు తుడుచుకుని, నా మొహంలోకి చూశారు.

"మరి గా ముచ్చట ఆయనకెందుకు చెప్పలె బిడ్డా?"